చేతి మేత డైరీ: ఉక్కునగరంలో మూడు కాకటీల్ పిల్లలు

శనివారం రాత్రి

పిట్ట పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె సిద్ధమైంది. బట్టలు సర్దుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఖాళీ చేసి, మూతకి కన్నాలు పొడిచి, ఒక పక్కగా సిరామిక్ హీటర్ బిగించాను. పిల్లలు దాన్ని తాకకుండా ఇనప జాలీ అడ్డం పెట్టాను. ఎస్‌టీసీ-1000 థర్మోస్టాట్ ఇదివరకు బడ్జీల (చిన్న చిలుకల) కోసం కొన్నదే. దాని సెన్సర్ పిల్లల వీపు ఎత్తులో వేలాడాలి. మూత దగ్గర కడితే అక్కడ వేడి చూసి హీటర్ ఆగిపోతుంది, అడుగున పిల్లలు వణుకుతూనే ఉంటాయి. ప్రస్తుతానికి 31 డిగ్రీల మీద పెట్టాను. ఈకల మొలకలు పొడుచుకొస్తున్న వయసుకి 29 నుంచి 32 సరిపోతుంది. అప్పుడే గుడ్డులోంచి బయటపడ్డ పిల్లకైతే 35, 36 కావాలి. అడుగున టవల్, పైన టిష్యూలు. నున్నటి ప్లాస్టిక్ మీద ఉంచితే కాళ్ళు చెరో పక్కకీ జారి అలాగే ముదిరిపోతాయి. గాలిలో తేమ గురించి మాత్రం విశాఖలో, అందులోనూ ఈ వానల్లో, బెంగ పెట్టుకోనక్కర్లేదు.

పిల్లలు కాకటీల్ అనే చిన్న చిలుక జాతివి, మా బావమరిదివి. అనకాపల్లిలో ఎవరి దగ్గరో కొన్నాడు. పాలల్లో బిస్కెట్ పొడి కలిపి సిరంజితో పోస్తే చాలని అమ్మినవాడు చెప్పాడట. "తినట్లేదు బావా, నీకు పిట్టల సంగతి తెలుసు కదా" అంటూ సాయంత్రం అట్టపెట్టెతో దిగాడు. పాలల్లో ఉండే లాక్టోజ్ పక్షికి అరగదు. ఇది చెబితే వాడి మొహం చిన్నబోయింది.

వంటింటి డిజిటల్ కాటాలో తూచాను. పెద్దోడు 71 గ్రాములు, నడిమోడు 63, బుడ్డోడు 47. వయసు మూడు వారాలు ఉండొచ్చు. మూడింటికీ మూడు పేజీలు. ప్రతి విడతకీ రాయాల్సినవి: మేత ఎన్ని మి.లీ., ఎంత వేడి, పోసేముందు క్రాప్ ఖాళీయా కాదా, రెట్ట ఎలా ఉంది. బరువు మాత్రం రోజుకి ఒక్కసారి, తెల్లవారి మేతకి ముందు.

క్రాప్ అంటే మెడ మొదట్లో, రొమ్ముకి పైన, మేత నిల్వ ఉండే పల్చటి సంచి. చేతి మేతలో వచ్చే ప్రమాదాల్లో చాలా వరకు అక్కడే మొదలవుతాయి. చూడ్డానికి డాక్టరే కానక్కర్లేదు. వెలుతురులో చర్మం గుండా లోపలున్న మేత కనబడుతుంది.

బుడ్డోడిది ఉదయం నుంచి నిండుగానే ఉందట. వేలితో తాకితే మెత్తగా, నీళ్ళగా ఉంది. నోటి దగ్గర ముక్కు పెడితే మూడో రోజు దోశపిండి వాసన. ఒళ్ళంతా ఎర్రగా, ముడతలు పడి, చర్మం వేళ్ళకి అంటుకుంటోంది. అది ఒంట్లో నీళ్ళు లేకపోవడం. నడిమోడిది ఇంకో కథ. ఊపిరి తీసినప్పుడల్లా టిక్, టిక్ అని సన్నటి చప్పుడు, దానితో పాటు తోక కిందికీ పైకీ. పెద్దోడు మాత్రం తల ఊపుతూ అరుస్తున్నాడు, ఆకలి మీదున్నాడు.

పక్షులు చూసే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. కుక్కల్నీ గేదెల్నీ చూసేవాళ్ళు మనకి చాలామందే ఉన్నారు. పక్షి అనగానే "తీసుకురండి" అనే గొంతు వెతుక్కోవాలి. ఆ నంబరు పిట్టని కొనకముందే దగ్గర ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఆయన చెప్పినది ఇది: బుడ్డోడికి మేత బంద్. ముందు ఒళ్ళు వెచ్చబడాలి. వెచ్చబడ్డాక గోరువెచ్చటి ఎలక్ట్రోలైట్ నీళ్ళు ఒకటి రెండు మి.లీ. నెమ్మదిగా ఇచ్చి, క్రాప్‌ని వేలి కొనతో తేలిగ్గా నిమరాలి. పాత మేత మీద కొత్త మేత చుక్క కూడా పడకూడదు. నడిమోణ్ణి వెచ్చగా, చీకటిగా ఉన్నచోట కదపకుండా ఉంచాలి. పొద్దున్నే ఇద్దర్నీ తీసుకురావాలి.

"తలకిందులుగా పట్టుకుని పిండేసి ఆ పులిసింది బయటికి తీసేస్తే?" అని బావమరిది అడిగాడు. వీడియోల్లో చూశాడట. కూడదు. అలా పైకొచ్చింది నేరుగా గాలిగొట్టంలోకి పోతుంది. సంచి జబ్బు కాస్తా ఊపిరితిత్తుల జబ్బవుతుంది.

ఆదివారం

చిన్న ప్లాస్టిక్ డబ్బాలో టవల్, టవల్ చుట్టిన వేణ్ణీళ్ళ సీసా, లోపల థర్మామీటర్. కారులో ఏసీ వేయలేదు. వానలో గాజువాక దాటి ఎన్ఏడీ జంక్షన్ చేరేసరికి మాకు చెమటలు, వాటికి 30 డిగ్రీలు. సీసాని ఒక పక్కనే పెట్టాలి, వేడెక్కువైతే పిల్ల రెండో పక్కకి జరిగేలా.

డాక్టర్ గారు బుడ్డోడి క్రాప్‌లోంచి చుక్క తీసి, గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోప్‌లో నన్నూ చూడమన్నారు. నీలంగా కోలగా గుళికలు, కొన్నింటికి పక్కన చిన్న మొగ్గ. కాండిడా అనే ఈస్ట్. ఇది ఎంతో కొంత ఎక్కడైనా ఉంటుందట. మేత కదలక నిలిచిపోతే దానికి పండగ. మేత ఎందుకు నిలిచింది? అట్టపెట్టెలో చలి, చల్లారిన పాలు, చిక్కటి బిస్కెట్ ముద్ద, ఒంట్లో నీళ్ళు తగ్గడం. వీటిలో ఏ ఒక్కటైనా చాలు. బుడ్డోడికి నాలుగూ కలిశాయి. ఒళ్ళు చల్లబడ్డ పిల్లకి పేగు కదలదు, కాబట్టి ఎంత మంచి మేత పోసినా లోపల కుళ్ళడమే.

మెత్తటి గొట్టం వేసి, వెచ్చటి సెలైన్‌తో సంచి కడిగారు. చర్మం కింద ద్రవాలు ఎక్కించారు. నిస్టాటిన్ చుక్కలు రాశారు. మోతాదు బరువుని బట్టి ఆయన లెక్క, నేనిక్కడ రాయను. ఒక్క విషయం మాత్రం నోట్ చేసుకున్నాను. ఈ మందు పేగులోంచి రక్తంలోకి పోదు, ఈస్ట్‌ని తాకితేనే పనిచేస్తుంది. అందుకని మేతలో కలపకుండా, మేతకి ముందు ఖాళీ సంచిలోకి ఇవ్వాలి.

నడిమోడి ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి ఆయన చాలాసేపు విన్నారు. మేత ఊపిరితిత్తుల్లోకి పోయింది, పోయి ఒకట్రెండు రోజులై ఉంటుంది, న్యుమోనియా మొదలైంది. మనకైతే గొంతులో పొలమారితే దగ్గి బయటికి తెచ్చుకుంటాం. పక్షికి డయాఫ్రమ్ లేదు, దగ్గు బలం లేదు. గాలిగొట్టం నోరు నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది, మూతలా కప్పే రెక్క కూడా ఉండదు. పైగా ఊపిరితిత్తుల వెనక గాలి సంచులున్నాయి. మేత అక్కడిదాకా పోతే తీసే దారి లేదు. ఆక్సిజన్ పెట్టె, యాంటీబయాటిక్, ఆవిరి మందు. రాత్రికి అక్కడే ఉంచమన్నారు.

సోమవారం తెల్లవారుజామున నడిమోడు పోయాడని ఫోన్ వచ్చింది. బావమరిదికి నేనే చెప్పాను.

ఆ వారం నడుమ

చేతి మేతకి వాడే పొడి: న్యూట్రిబర్డ్ ఏ21. నీళ్ళు కాచి చల్లార్చి, గిన్నెలో పొడి కలిపి, ఆ గిన్నెని వేణ్ణీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టి వేడి నిలబెడుతున్నాం. మైక్రోవేవ్ వద్దని మొదటిరోజే అమ్మకి చెప్పాను. పైన వేలు పెడితే చల్లగానే ఉంటుంది, నడుమ ఎక్కడో సలసల కాగే ముద్ద దాక్కుంటుంది. పోసే ముందు బాగా కలిపి థర్మామీటర్ ముంచి చూస్తున్నాం. 39, 40 మధ్య. 38 కన్నా తగ్గితే పిల్ల మొహం తిప్పేస్తుంది, తిన్నా అరగడం మందగిస్తుంది. 43 దాటితే సంచి కాలుతుంది. ఈ నాలుగైదు డిగ్రీల తేడా మణికట్టు మీద చుక్క వేసుకుంటే తెలియదు, థర్మామీటరే చెప్పాలి.

పరిమాణం: ఒక విడతకి బరువులో పదో వంతు మించకుండా. పెద్దోడికి 7 మి.లీ., బుడ్డోడికి మొదట్లో 2, 3 మి.లీ. పల్చగా, అది పూర్తిగా దిగిందని చూసుకున్నాకే తరవాతిది. రాత్రి పదకొండుకి ఆఖరి మేత, తెల్లవారి ఆరుకి మొదటిది. ఆ నడుమ సంచి ఒక్కసారైనా పూర్తిగా ఖాళీ కావాలి. తెల్లవారి చూసేసరికి ఇంకా నిండుగా ఉంటే ఆ రోజు డ్యూటీకి ఆలస్యమైనా సరే, ముందు డాక్టర్‌కి ఫోన్.

నాకు ప్లాంట్‌లో ఎ షిఫ్ట్ (పొద్దుటి డ్యూటీ) ఉన్న రోజుల్లో పగటి మేత అమ్మది. ఆవిడ సిరంజి ముట్టుకోలేదు. "నీకు ఉగ్గు గిన్నెతో పట్టాను, సూదిమందుతో కాదు కదరా" అంది. స్టీలు టీ స్పూను అంచుల్ని పట్టకారుతో లోపలికి వంచి ఇచ్చాను, చివర సన్నటి కాలవలా అయింది. ఆవిడ పిల్లని టవల్ మీద కూర్చోబెట్టి, తల వెనకనుంచి రెండు వేళ్ళతో ఆనించి, ఛాతీని మాత్రం ఎక్కడా నొక్కకుండా, స్పూను ముక్కు పక్కన పెట్టి ఆగుతుంది. పిల్ల తనంతట తను తల ఊపడం మొదలుపెట్టాకే కొంచెం వంచుతుంది. తల ఊపినంతసేపే పోయాలి. ఊపుతూ మింగేటప్పుడు గాలిగొట్టం నోరు మూసుకుంటుంది. ఊపు ఆగాక కూడా తోసేస్తే ఆ మేత ఎటు పోతుందో నడిమోడు చూపించాడు. ఈ లెక్కన స్పూనే నయం, తోసే పని లేదు కాబట్టి. టైమ్ రెట్టింపు పడుతుంది, ఒళ్ళంతా మేత పూసుకుంటుంది, ప్రతిసారీ తడి దూదితో తుడవాలి. అయినా కొత్తవాళ్ళకి నేను సిరంజి చేతికివ్వను.

నేను సిరంజే వాడుతున్నాను, అలవాటు కొద్దీ. పిల్లకి ఎడమ వైపు నోటి మూలలోంచి పెట్టి కుడివైపు గొంతులోకి వాలేలా పోస్తాను. ఆహార గొట్టం అటు ఉంటుంది. సిరంజి చివర రబ్బరు గొట్టం తగిలించి వాడేవాళ్ళు కొందరున్నారు. అది ఊడి మేతతో పాటు సంచిలోకి పోయే సందర్భాలున్నాయి, అదో ఆపరేషన్. పొరపాటున పొలమారినట్టు అనిపిస్తే వెంటనే ఆపాలి, తల కొంచెం ముందుకు వంచి నోట్లో ఉన్నది కారనివ్వాలి, తుడవాలి, వెచ్చటి చోట వదిలెయ్యాలి. ఊపడం, విదిలించడం, వీపు మీద కొట్టడం వద్దు. ఆ తరవాత రెండ్రోజులు ఊపిరి చప్పుడు వింటూ ఉండాలి. ఎక్కువ పోతే మాత్రం నిమిషాల్లోనే అయిపోతుంది.

ఇంట్లో మారినవి: నాన్‌స్టిక్ పెనం అటక మీదికి పోయింది, ఇనప పెనం దిగింది. నాన్‌స్టిక్ మాడితే వచ్చే పొగ మనకి తెలియకుండానే పక్షుల్ని చంపుతుంది. దోమల చుట్ట బంద్. శుక్రవారం సాంబ్రాణి వరండాలో. అమ్మ ఈ ఆఖరిదానికి మాత్రం రెండు పూటలు మొహం ముడుచుకుంది. నా బడ్జీలు ఉన్న గదిలోకి ఈ పిల్లల్ని చూసిన చేతులతో వెళ్ళడం లేదు. ఎక్కడివో తెలియని పిల్లలు ఏ రోగం మోసుకొచ్చాయో ఎవరు చూశారు. సిటాకోసిస్ లాంటివి మనుషులకీ అంటుకుంటాయి కాబట్టి మేత అయ్యాక సబ్బుతో చేతులు కడగడం అందరికీ వర్తిస్తుంది.

శుక్రవారం

పెద్దోడు. ఏ టెన్షనూ పెట్టనివాడు, రోజూ బరువు పెరుగుతున్నవాడు. తెల్లవారి తూచబోతే క్రాప్ మీద రూపాయి బిళ్ళలో సగమంత ఎర్రటి మచ్చ, నడుమ తెల్లబారి ఉంది. ముట్టుకుంటే గట్టిగా ఉంది.

కాలిన గాయం. రాసుకున్న పుస్తకం అంతా వెనక్కి తిప్పాను, మా దగ్గర ఏ విడతా 40 దాటలేదు. ఫోన్లో ఫొటో చూసి డాక్టర్ గారు అన్నది అదే: "మీ దగ్గర జరిగింది కాదండి. ఇది బయటపడ్డానికి రోజులు పడుతుంది." వేడి మేత పడ్డ రోజు పిల్లకి ఏమీ ఉండదు. తింటుంది, అరుస్తుంది, పెరుగుతుంది. లోపలి పొర చచ్చి, అది చర్మానికి అతుక్కుని, పైకి ఎర్రబారి, పొక్కు కట్టి, ఆ పొక్కు ఊడినప్పుడు కదా కన్నం కనబడేది. పిల్లల్ని తెచ్చుకున్న మొదటి వారమంతా రోజూ క్రాప్ చర్మాన్ని దీపం ముందు చూడాలని అందుకే అంటాను. ఆరోగ్యంగా ఉన్నదాన్ని కూడా.

మర్నాటికే మేత పోశాక రొమ్ము ఈకలు తడిశాయి. పొక్కు అంచు లేచి, అక్కడ్నుంచి మేత కారుతోంది. అమ్మ "అయ్యో నాయనా, తిన్నది తిన్నట్టే వస్తోందిరా" అని స్పూను పక్కన పెట్టేసింది.

నేను వెంటనే కుట్టేస్తారనుకుని బయల్దేరాను. డాక్టర్ గారు కుట్టలేదు. "ఇప్పుడు కుడితే పక్కనున్న చచ్చిన కండ రేపు ఊడొచ్చి కుట్లు కూడా ఊడతాయి. ఏది బతికింది, ఏది పోయింది అని హద్దు తేలనివ్వండి" అన్నారు. కన్నం చుట్టూ శుభ్రం చేసి, యాంటీబయాటిక్‌తో పాటు ఈస్ట్ రాకుండా మందు ఇచ్చి పంపారు. అప్పటిదాకా కొంచెం కొంచెం, ఎక్కువ విడతలుగా పోయాలి. కారింది పోను లోపలికి ఎంత పోయిందో కాటాయే చెప్పాలి. కాబట్టి వీడికి మాత్రం బరువు రోజుకి రెండు పూటలా. తగ్గుతూ పోతే ఆగకుండా తీసుకురమ్మన్నారు.

రెండో వారం

వానకి కరెంటు పోయింది, సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) నుంచి నేనింకా రాలేదు. అమ్మ వేణ్ణీళ్ళు రెండు సీసాల్లో పోసి, తువ్వాళ్ళు చుట్టి, పెట్టెలో పెట్టి, పైన దుప్పటి కప్పింది, గాలికి ఒక మూల వదిలి. నేను వచ్చేసరికి లోపల 29. ఆరు గంటల మేత కరెంటు వచ్చి పిల్లలు వెచ్చబడేదాకా ఆపింది. ఆకలితో అరుస్తున్న పిల్లకి అరగంట ఆలస్యం ఏమీ చేయదు, చల్లబడ్డ పిల్లకి వెంటనే పోసిన మేత చేస్తుంది. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు ఇకనుంచి రాత్రే సిద్ధం.

బుడ్డోడు 47 నుంచి 44కి జారి, నిస్టాటిన్ మొదలయ్యాక నిలబడి, ఇప్పుడు 62. రెట్టలో ఆకుపచ్చ పురి, తెల్లటి సున్నం, నీరు మూడూ విడివిడిగా కనబడుతున్నాయి. వాసన లేదు. సంచి రాత్రికి రాత్రి ఖాళీ అవుతోంది. తల ఊపుతూ స్పూనుని కరిచి పట్టుకుంటున్నాడు, వదలమంటే వదలడు.

పెద్దోడి గాయం అంచు నల్లగా ఎండి, లోపలి గులాబీ రంగు కండకీ దానికీ మధ్య గీత గీసినట్టు తేలింది. ఆపరేషన్ అయింది. మత్తిచ్చి, చచ్చిన భాగం కోసేసి, సంచి గోడనీ పైన చర్మాన్నీ ఒకదాన్నుంచి ఒకటి విడదీసి, ముందు సంచిని, తరవాత చర్మాన్ని వేర్వేరుగా కుట్టారు. రెండూ కలిపి కుడితే ఆగదట. నేను అద్దం తలుపు ఇవతల నిలబడి చూశాను. కుట్టు దారం కంటికి ఆనలేదు, ఆయన చేతి కదలిక బట్టి తెలుసుకోవడమే. సంచి చిన్నదైపోయింది కాబట్టి ఇక 4 మి.లీ. మించకుండా, పల్చగా, ఎక్కువసార్లు.

బావమరిది చూడ్డానికి వచ్చి, వీళ్ళు కోలుకుంటున్నారన్న ధైర్యంతో కాబోలు, "రామచిలుక పిల్ల కూడా ఒకటి దొరుకుతోంది బావా" అన్నాడు. అది మన అడవి పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. కాకటీల్ ఆస్ట్రేలియాది కాబట్టి ఆ లెక్క వేరు. పైగా ఈ వయసు పిల్లని కొనడమే వద్దన్నాను. గింజలు తనంతట తను తినే పక్షిని తెచ్చుకున్నా మచ్చిక అవుతుంది. రోజూ కాసేపు ఓపిగ్గా ఎదురుగా కూర్చోవాలి, అంతే. చేతి మేత పెడితేనే మచ్చిక అన్నది అమ్మేవాడి లాభం కోసం పుట్టిన మాట.

నెలాఖరు

పెద్దోడి కుట్లు మానాయి, ఆ చోట ఈకలు ఇంకా రాలేదు. మొన్న 88 తూగినవాడు ఇవాళ 83. అమ్మ కంగారుపడింది కానీ ఇది ఎదురుచూసినదే. ఎగరబోయే ముందు కాకటీల్ పిల్ల గరిష్ఠ బరువుకి చేరి, అక్కణ్ణుంచి పదో వంతు దాకా తగ్గుతుంది. మేత కూడా వద్దంటుంది. సంచి ఖాళీ అవుతూ, చురుగ్గా రెక్కలు కొట్టుకుంటూ తగ్గితే సరే. ముడుచుకుని కూర్చుని తగ్గితే అది వేరే సంగతి. బలవంతంగా పోసే వేళ మాత్రం కాదిది, పొలమారేది ఎక్కువగా ఈ వయసులోనే.

పెట్టెలో హీటర్ పగలు ఆపేశాను. పళ్ళెంలో నానబెట్టిన సజ్జలు, కొర్రలు, ఉడికించిన మొక్కజొన్న గింజలు, సన్నగా తరిగిన మునగాకు పెడుతున్నాం. నానబెట్టినవి రెండు మూడు గంటల్లో తీసి పారేయాలి, ఈ ఉక్కలో అంతకన్నా ఆగవు. బుడ్డోడు కొర్రల్ని తొక్కుతున్నాడు, ఒకటీ అరా నలుపుతున్నాడు. పెద్దోడు పొట్టు తీయడం నేర్చాడు.

పగటి విడతలు ఒక్కొక్కటే తీసేస్తున్నాం. రాత్రి పదకొండుది ఆఖరున ఆపుతాం. వచ్చే వారం చేయాల్సినవి: పెద్దోణ్ణి ఒకసారి చూపించి కుట్టు దగ్గర గట్టిదనం ఉందేమో అడగడం, బుడ్డోడి సంచిలోంచి మళ్ళీ చుక్క తీయించి ఈస్ట్ పోయిందో లేదో చూడటం, రెట్ట పరీక్ష. పంజరానికి కిటికీ పక్కన, వంటింటికి దూరంగా, చోటు చూసిపెట్టాను. జాలీ తలుపుకి బోల్టు ఇంకా బిగించాలి.